శనివారం తీర్పు

మర్యాద రామన్న కాలంలో కంప్యూటర్లు ఉంటే ఈ తగాదా ఆయన దగ్గరికే వెళ్లేది. లేవు కనుక సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల కింద కూర్చుని, కంప్యూటర్లకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లు బాగుచేసుకునే చాచా దగ్గరికి వచ్చింది.

చాచాకు షాపు లేదు. ఒక బల్ల, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, నెత్తిమీద వేలాడే బల్బు, చుట్టూ మూతలు విప్పిన ఎస్‌ఎంపీఎస్ డబ్బాలు, ఒక రేకు డబ్బా నిండా ఉబ్బిపోయిన కెపాసిటర్లు. అంతే ఆయన ఆస్తి. అయినా పైనున్న షాపులవాళ్లకు కొనేవాళ్లతో పేచీ వస్తే, "కార్డు నువ్వు కాల్చావంటే నువ్వు కాల్చావు" అనే దాకా పోతే, చివరికి ఇద్దరూ దిగివచ్చేది ఈ బల్ల దగ్గరికే. ఆయన ఎవరికీ ఏదీ అమ్మడు. ఆయన మాట చెల్లడానికి అదొక్కటే కారణం.

ఆ రోజు ముగ్గురు వచ్చారు. ముందు తండ్రి. హుజూరాబాద్‌లో పంపు మోటార్లకు వైండింగ్ చేస్తాడు, తెల్లారగట్ల బస్సెక్కాడు. వెనక కొడుకు, ఇంజనీరింగ్ రెండో ఏడు, గాజు తలుపు కేబినెట్‌ను రెండు చేతులా పొట్టకు ఆనించుకుని మెట్లు దిగుతున్నాడు. ఆ వెనక షాపతను, బేరం వదిలి రావలసి వచ్చిందని ముఖం మాడ్చుకుని.

"సాబ్, 55 వేలు పెట్టినం. చిట్టీ ఎత్తిన పైసలు" అన్నాడు తండ్రి. "పిలగాడు ఆట పెడితే కారు రెండు గజాలు పోయి ఆగుతది, మల్ల పోతది. ఒక్కోసారి మొత్తం ఆరిపోయి మల్ల లేస్తది. ఇదేందయ్యా అంటే అంతా మంచిగనే ఉన్నది అంటడు."

షాపతను జేబులోంచి ఫోన్ తీసి తన పోస్టరు చూపించాడు. వేలితో ఒక్కో వరుసా కిందికి జరుపుతూ చదివాడు. "రైజెన్ 7 ప్రాసెసర్, ఎనిమిది కోర్లు. ఉన్నదా? ఉన్నది. 16 జీబీ ర్యామ్. ఉన్నది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ గ్రాఫిక్స్ కార్డు, 4 జీబీ. సీల్ నేనే వాళ్ల ముందర తీసిన. 1 టీబీ ఎస్‌ఎస్‌డీ. 500 ఎస్‌ఎంపీఎస్. ఆరు ఆర్‌జీబీ ఫ్యాన్లు, గాజు కేబినెట్. ప్రతిదానికి బిల్లు ఉన్నది, వారంటీ ఉన్నది. ఇందులో ఒక్క అబద్ధం చూపించు చాచా, మొత్తం పైసలు ఇప్పుడే వాపస్ ఇస్త."

చాచా ఏమీ అనలేదు. వైర్లు తగిలించి, ఆన్ చేసి, "ఏ ఆట బేటా?" అని అడిగాడు. ఫోర్జా హొరైజన్ 5 అన్నాడు కుర్రవాడు. ఇంట్లో ఎలా పెట్టుకున్నావో అలాగే మానిటర్ తగిలించమన్నాడు చాచా. కుర్రవాడు హెచ్‌డీఎంఐ వైరు తీసుకుని, కేబినెట్ వెనక పైభాగంలో మౌసు, కీబోర్డు గుచ్చే చోట ఉన్న రంధ్రంలోనే పెట్టాడు.

చాచా నవ్వలేదు. ఆ వైరు ఊడదీసి, కింద అడ్డంగా ఉన్న కార్డు వెనక గుచ్చాడు. "అది బోర్డుది. ఈ ప్రాసెసర్ లోపల ఒక చిన్న గ్రాఫిక్స్ ఉంటది, నువ్వు దాన్ని చూస్తున్నవ్. కార్డు కొన్నవ్ గని కార్డుకు తెర చూపియ్యలే. మొదటి తప్పు నీదే."

షాపతని ముఖం వికసించింది. "చెప్పిన కద చాచా!" అన్నాడు.

"ఆగు."

ఆట మళ్లీ పెట్టారు. ఈసారి కారు కాస్త మేలుగానే కదిలింది. ఊళ్లోకి మలుపు తిరిగేసరికి, గోడలు చెట్లు కొత్తగా తెరమీదికి వచ్చే చోట, బొమ్మ గుటకలు మింగడం మొదలుపెట్టింది. కారు ఆగదు, కానీ కళ్లకు ఆగినట్టే. మూడో మలుపు దగ్గర తెర నల్లబడి, ఆరు ఫ్యాన్ల రంగులూ ఒక్కసారి ఆరి, మళ్లీ వెలిగాయి. కంప్యూటర్ మొదటినుంచి లేస్తోంది.

చాచా స్క్రూడ్రైవర్ తీసుకుని గాజు తలుపు విప్పాడు. ముందు ఎస్‌ఎంపీఎస్ బయటికి లాగాడు. చేతిలో పట్టుకుని రెండుసార్లు ఎగరేసి పట్టాడు, బరువు చూడటానికి. ఏమీ అనకుండా దాన్ని తండ్రి చేతిలో పెట్టాడు. మోటార్లు చుట్టే మనిషికి రాగి బరువు తెలుసు. ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"దీనిమీద 500 అని రాసుంది కదా, పక్కన వాట్స్ అని ఎక్కడన్నా ఉందా చూడు బేటా" అన్నాడు చాచా.

కుర్రవాడు స్టిక్కరంతా వెతికాడు. లేదు. 500 అన్నది మోడల్ పేరు. పోస్టరులో కూడా "500 ఎస్‌ఎంపీఎస్" అనే ఉంది. వాట్స్ అని చదువుకున్నది వీళ్లు. కింద చిన్న అక్షరాల పట్టికలో 12 వోల్టుల గీత దగ్గర 18 ఆంపియర్లు అని ఉంది. చాచా బల్లమీద సుద్దముక్కతో రాశాడు: 12 ఇంటూ 18, 216. "కార్డుకైనా ప్రాసెసర్‌కైనా పెట్టే తిండి ఈ 12 గీత మీదికెల్లే. కార్డు 107 వాట్స్ తింటది. ప్రాసెసర్ జోరుమీద 88. రెండు కలిస్తే 195. ఇంక బోర్డు, నీ ఆరు ఫ్యాన్లు, లైట్లు. కాగితం మీదనే సరిపోతలేదు. ఇంత తేలిక డబ్బా ఆ 216 అన్నా ఇస్తదో లేదో దేవునికెరుక."

"ఐదు హెచ్‌పీ మోటరుకు సన్న వైరు గుంజినట్టు" అన్నాడు తండ్రి మెల్లగా. కొడుక్కి ఇన్ని రోజులు అర్థం కానిది ఆయనకు ఒక్క వాక్యంలో అర్థమైంది.

"కరెంటు సంగతి అది. గుటకలు మింగేది ఇంకోటి." చాచా తన బల్ల కిందనుంచి ఒక మంచి ఎస్‌ఎంపీఎస్ తీసి తాత్కాలికంగా తగిలించి కంప్యూటర్ లేపాడు. టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ దగ్గర ఆగాడు. వాడుకలో ఉన్న స్లాట్లు: 2లో 1. "16 జీబీ అన్నడు, 16 ఇచ్చిండు. ఒకటే ముక్కల ఇచ్చిండు. ఎనిమిది ఎనిమిది రెండు ముక్కలు పెడితే ప్రాసెసర్ రెండు దారులల్ల తీసుకుంటది. ఇప్పుడు ఒక దారి బందున్నది."

తరవాత కార్డు వివరాలు చూపించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి తెరిచి, స్లాటు గురించి చెప్పే వరుస మీద వేలు పెట్టాడు. కార్డుకు తగినది పీసీఐఈ 4.0, దొరుకుతున్నది 3.0 అని ఉంది.

ఇక్కడ కథ కాసేపు ఆపి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ కిటుకు తెలిసిన షాపువాళ్లు కూడా తక్కువే. గ్రాఫిక్స్ కార్డుల స్లాటులో మామూలుగా పదహారు దారులు ఉంటాయి. 2022 జనవరిలో వచ్చిన ఈ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ వాటిలో నాలుగే వాడుకుంటుంది. 4.0 స్లాటులో ఆ నాలుగు దారులూ కలిసి సెకనుకు సుమారు 8 జీబీ మోస్తాయి. 3.0లో అందులో సగం, 4 జీబీ. కార్డు మీద ఉన్న సొంత మెమరీ వేగం సెకనుకు 144 జీబీ. ఆటకు కావలసిన బొమ్మలన్నీ కార్డు మీది 4 జీబీలో పట్టినంతసేపు ఏ బాధా లేదు. పట్టకపోతే మిగిలినవి ఆ ఇరుకు దారి గుండా మెయిన్ ర్యామ్ నుంచి రావాలి. ఊళ్లోకి మలుపు తిరిగినప్పుడు జరిగింది అదే. ఇక ఈ డబ్బాలో ఉన్న రైజెన్ 7 5700జీ ప్రాసెసర్, పేరుకు 7 అయినా, 3.0 దగ్గరే ఆగిపోతుంది. కింద ఉన్న ఏ520 బోర్డూ అంతే. నాలుగు దారుల కార్డును తెచ్చి, దారి సగం చేసే ప్రాసెసర్ పక్కన కూర్చోబెట్టారు.

"ఇంకోటి చెప్త, కోపం తెచ్చుకోకు" అన్నాడు చాచా కుర్రవాడితో. "ఎనిమిది కోర్లని మురిసినవ్. దీని తమ్ముడు రైజెన్ 5 5600కు ఆరే. ఆటల్ల ఆరు కోర్లదే ముందట ఉంటది. దాంట్ల లోపలి క్యాష్ 32 ఎంబీ. నీదాంట్ల 16. నీది కార్డు లేకుండ పని నడుపుకునేటోనికి మంచి ప్రాసెసర్. కార్డు పెట్టుకున్నంక ఆ లోపలి గ్రాఫిక్స్‌కు ఇచ్చిన పైసలు ఎందుకు ఇచ్చినట్టు?"

కుర్రవాడు తల దించుకున్నాడు. షాపతను మాత్రం తల ఎత్తాడు. ఆయన వాదన కూడా వినదగ్గదే.

"చాచా, నువ్వన్నవన్నీ నాకు తెలుసు. పోయిన దసరాకు మంచి ఎస్‌ఎంపీఎస్, రెండు ర్యామ్‌లు, లైట్లు లేని కేబినెట్ పెట్టి ఒక సెట్ కట్టిన. ఇదే రేటు. నెలన్నర దుమ్ము పట్టింది. వచ్చినోడల్లా రైజెన్ 5 ఏనా, 7 లేదా అంటడు. లైట్లు లేవా అంటడు. పక్క షాపుల ఇదే రేటుకు 7 ఉన్నదని లేచి పోతడు. ఎస్‌ఎంపీఎస్ ఏ కంపెనీది అని అడిగినోన్ని ఇప్పటిదాంక నేను చూడలే. ఈ పిలగాన్ని అడుగు, అడిగిండేమో. వాళ్లడిగింది పెడ్త, అడగనిదాంట్ల మిగిలించుకుంట. నేను కిరాయి కట్టాలె గద?"

చాచా కుర్రవాడి వైపు చూశాడు. వాడు లేదన్నట్టు తల ఊపాడు. షాపుకు రావడానికి ముందే ఫోన్లో రీల్స్ చూసి వాడు నిర్ణయించుకున్నవి రెండే: 7 ఉండాలి, లైట్లు ఉండాలి.

అప్పుడు చాచా తీర్పు చెప్పాడు.

"అబద్ధం ఒక్కటి కూడ లేదన్నవ్. నిజమే, లేదు. నీకు నేను జరిమానా వెయ్య. ఒకటే చెప్త. ఈ డబ్బా ఇట్లనే, ఏమీ మార్చకుండ, ఈ శనివారం పొద్దుగాల పది నుంచి రాత్రి ఎనిమిది దాంక నీ షాపు ముందట టేబుల్ మీద ఉండాలె. పక్కన నీ పోస్టరు. తెరమీద ఈ పిలగాడు అడిగిన ఆట. ఎవరొచ్చి ఆడినా ఆడనియ్యి. ఆరిపోతే మల్ల లేపు. నీ మాల్ మంచిదైతే ఆ ఒక్క రోజుల పది సెట్లు అమ్ముడుపోతయ్. పైసలు వాపస్ అవసరమే లేదు."

చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో శనివారం అంటే కాలు పెట్టడానికి చోటుండదు. షాపతను పోస్టరు వైపు, డబ్బా వైపు, మెట్ల వైపు చూశాడు. కాసేపటికి, "ఏమేం మార్చాలె చాచా?" అన్నాడు.

లెక్క బల్లమీదే కట్టారు. ర్యామ్ ధరలు మండకముందు సంగతి ఇది. 5700జీ వెనక్కి పోయి 5600 వచ్చింది, దానితో ఐదు వేల దాకా మిగిలాయి. గాజు కేబినెట్ పోయి ముందు జాలీ ఉన్న మామూలు నల్ల కేబినెట్ వచ్చింది. 1 టీబీ ఎస్‌ఎస్‌డీ 500 జీబీ అయింది. ఒకటే ముక్క ర్యామ్ రెండు ముక్కలైంది. తేలిక డబ్బా పోయి నిజంగా 550 వాట్స్ ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ వచ్చింది. కార్డు ఆర్‌ఎక్స్ 6600 అయింది. దాని మీద 8 జీబీ మెమరీ, ఎనిమిది దారులు. బోర్డు కూడా మార్చేద్దామని షాపతను చెయ్యి పెట్టబోతే చాచా ఆపాడు. "అది ఉండనీ. ఎనిమిది దారుల కార్డుకు 3.0 చాలు, పోయేది పిసరంత. చవకది ప్రతిదీ చెడ్డది కాదు."

అన్నీ పోను ఇంకా రెండు వేలు తక్కువ పడ్డాయి. వాడిన వస్తువులు వెనక్కి తీసుకున్నందుకు షాపతనికి నష్టం ఉండనే ఉంది. అయినా ఒక వెయ్యి ఆయన వదులుకోవాలన్నాడు చాచా. రెండో వెయ్యి కుర్రవాడు పెట్టాలి, అదీ తండ్రి జేబులోంచి కాదు. "అడగాల్సింది అడగనందుకు" అన్నాడు. వాడు స్నేహితుడికి ఫోన్ చేసి డబ్బు వేయించుకున్నాడు.

సాయంత్రానికి కారు ఊళ్లోకి మలుపు తిరిగింది, ఆగలేదు. కుర్రవాడు ఆనందంగానే ఉన్నాడు కానీ నల్ల కేబినెట్ వైపు రెండు మూడుసార్లు దిగులుగా చూశాడు. తండ్రి చివరగా ఒక్కటే అడిగాడు, కరెంటు పోతే ఏం చెయ్యాలని. ఆట ఆపి, కంప్యూటర్ పద్ధతిగా ఆర్పుకునే నాలుగు నిమిషాలకు ఒక చిన్న యూపీఎస్ పెట్టుకోమని, దాన్ని నమ్ముకుని ఆడొద్దని చెప్పాడు చాచా.

నీతి

విడి భాగాల గురించి చెప్పిన నిజాలన్నీ కూడినా కంప్యూటర్ గురించి నిజం చెప్పినట్టు కాదు. ఏమేం ఉన్నాయని అడిగేవాడికి అవే దొరుకుతాయి. ఏం ఆడుతుంది, ఎంతసేపు ఆడుతుంది అని అడిగేవాడికే పనికొచ్చే కంప్యూటర్ దొరుకుతుంది.

కథ షాపతన్ని మొత్తం దోషిగా నిలబెట్టలేదు, నిలబెట్టకూడదు కూడా. కొనేవాడి దగ్గర యాభై, అరవై వేలే ఉంటాయి. పోస్టరులో పెద్దక్షరాలు పట్టేది నాలుగు మాటలకే: ప్రాసెసర్ పేరు, ర్యామ్ జీబీలు, ఎస్‌ఎస్‌డీ టీబీలు, లైట్లు. డబ్బంతా ఆ నాలుగింటి మీదికి పోతుంది. పోస్టరులో చోటు దొరకని మూడింటి మీద కోత పడుతుంది: ఎస్‌ఎంపీఎస్ తయారీ, బోర్డు మోడల్, ర్యామ్ ఎన్ని ముక్కలు. ఆ మూడు అడిగేవాళ్లు పెరిగితే పోస్టర్లు వాటంతట అవే మారతాయి.

భాగాలు కుదరడం అనే మాటలో రెండు సంగతులు ఉన్నాయి, జనం ఒకటే అనుకుంటారు. ఒకటి, పట్టడం. సాకెట్‌లో ప్రాసెసర్ పట్టాలి. డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 ర్యామ్ దిగదు. రెండింటికీ 288 పిన్నులే, కానీ మధ్యలో గాటు వేరే చోట ఉంటుంది. హెచ్610 బోర్డులు రెండు రకాలుగానూ వస్తాయి, పేరు చూసి కొంటే దెబ్బ తింటారు. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లకు లోపలి గ్రాఫిక్స్ ఉండదు. కార్డు పాడైన రోజు బోర్డు వెనక హెచ్‌డీఎంఐ ఎంత గుచ్చినా తెర నల్లగానే ఉంటుంది. విడిగా భాగాలు కొనుక్కుని బిగించుకునేవాడికి ఇవన్నీ తలనొప్పి. బిగించి అమ్మే కంప్యూటర్‌లో ఈ తలనొప్పి షాపుదే, ఎందుకంటే ఆన్ కాకపోతే అది అమ్ముడుపోదు.

రెండోది సరిపోవడం. ఇది చాలా షాపులు చూడవు, చూడకపోయినా కంప్యూటర్ ఆన్ అవుతుంది, బల్లమీద లైట్లు వెలుగుతాయి, డెస్క్‌టాప్ మీద బాణం చక్కగా కదులుతుంది. కుర్రవాడి కంప్యూటర్‌లో పట్టనిది ఒక్కటీ లేదు. చివరికి మారకుండా మిగిలింది మాత్రం బోర్డు ఒక్కటే. రెడీగా దొరికేది కొనేవాడు తన ఆలోచనంతా ఈ రెండోదాని మీదే పెట్టాలి.

పేర్ల మోసం ఇంకా మొరటుగా కూడా జరుగుతుంది. "ఐ7, 16 జీబీ, 4 జీబీ గ్రాఫిక్స్" అని పాతిక ముప్పై వేలకు రీల్స్‌లో కనబడే సెట్లు ఉంటాయి. ఐ7 నిజమే. అది 2011లో వచ్చిన ఐ7-2600 కావచ్చు. 2022లో వచ్చిన ఐ3-12100కు కూడా అవే 4 కోర్లు, 8 థ్రెడ్లు. వేగంలో పాత ఐ7 దాని దరిదాపుల్లోకి రాదు. 4 జీబీ గ్రాఫిక్స్ అంటే 2014 నాటి జీటీ 730 కావచ్చు. మెమరీ ఎన్ని జీబీలున్నా దాని చేతిలో ఆట నడిపే సత్తువ లేదు. ఆ పాత ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11లో వాలరెంట్ అనే ఆట ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉండాలి. ఈ పేర్లు విన్న షాపతను "అవన్నీ ఎందుకు తమ్మీ" అంటే అక్కడినుంచి లేచిపోవచ్చు.

పాత ఆఫీసు టవర్ కొని కార్డు పెట్టుకుందామనుకునేవాళ్ల దారి నాకు నచ్చుతుంది, డబ్బు తక్కువ ఉన్నవాళ్లకు అదే తెలివైన దారి. కానీ ఆ టవర్లలో చాలావాటికి ఎస్‌ఎంపీఎస్ చిన్నది, దాని పిన్నులు కంపెనీ సొంత తరహావి, బజారులో దొరికేది తెచ్చి మార్చడం కుదరదు. కాబట్టి విడి వైరు అడగకుండా స్లాటు ఇచ్చే 75 వాట్స్‌తోనే బతికే కార్డు కావాలి. జీటీఎక్స్ 1650లో కొన్ని రకాలు అలాంటివి, 2024లో వచ్చిన 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 మామూలుగా 70 వాట్స్‌తో సరిపెట్టుకుంటుంది. సన్నగా ఉండే టవరైతే సగం ఎత్తు కార్డే దిగుతుంది. ఇంటెల్‌లో 8వ తరం కంటే పాతదాని జోలికి పోకపోవడం మేలు, విండోస్ 11 కోసం.

ఎక్కడ మొండిగా ఉండాలి, ఎక్కడ సర్దుకోవాలి అంటే నా లెక్క ఇది. ఎస్‌ఎంపీఎస్ దగ్గర మొండిగా ఉండాలి. 80 ప్లస్ గుర్తు ఉందని షాపతను చూపిస్తాడు. అది కరెంటు ఎంత వృథా కాకుండా మారుస్తుందో చెప్పే ధ్రువపత్రం, గట్టిదనానికి హామీ కాదు. 12 వోల్టుల గీత దగ్గర ఆంపియర్లు చూసి హెచ్చవేసుకోవడం దానికంటే నమ్మకం. మిగతా భాగాలు పాతబడితే మార్చుకోవచ్చు. చెత్త ఎస్‌ఎంపీఎస్ మాత్రం పోతూ పోతూ పక్కవాటిని కూడా పట్టుకుపోగలదు. బోర్డు, కేబినెట్ దగ్గర సర్దుకోవచ్చు, ఒక్క షరతు మీద: ముందు భాగం గాజుతో మూసేసి ఉండకూడదు. మే నెల హుజూరాబాద్‌లో ఆ గాజు వెనక ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. లైట్లంటే నాకు పగ లేదు. పైన చెప్పినవన్నీ అయ్యాక ఐదారు వందలు మిగిలితే ఒక రంగుల ఫ్యాన్ పెట్టుకోమనండి, పిల్లల సరదా పిల్లలది.

చాచా తీర్పు అందరికీ ఒకేలా నప్పదు. అదే కుర్రవాడు ఫోర్జా కాక వాలరెంట్ ఒక్కటే ఆడతానని ఉంటే, ఆర్‌ఎక్స్ 6600కు పోసిన డబ్బులో కొంత మానిటర్‌కు పోవాల్సింది. ఆ ఆట కార్డును పెద్దగా కష్టపెట్టదు, ప్రాసెసర్‌నే ఎక్కువ వాడుకుంటుంది. 60 హెర్ట్జ్ మానిటర్ ముందు సెకనుకు రెండు వందల ఫ్రేములు వచ్చినా తెర చూపించేది 60. 144 హెర్ట్జ్ మానిటర్ పెడితే తేడా మొదటి రోజే తెలుస్తుంది. చాచా ముందు "ఏ ఆట బేటా?" అని అడిగి, తరవాతే స్క్రూడ్రైవర్ పట్టుకున్నది ఇందుకే.

బేరం కుదిరాక, అడ్వాన్స్ ఇవ్వకముందు కొటేషన్ కాగితం తీసుకోండి. చాలావాటిలో ఎస్‌ఎంపీఎస్, ర్యామ్ పక్కన "స్టాకును బట్టి బ్రాండ్ మారవచ్చు" అని ఉంటుంది. ఆ వాక్యం కొట్టేయించి, ఎస్‌ఎంపీఎస్ పూర్తి మోడల్ నంబరు, ర్యామ్ పక్కన "8 జీబీ రెండు" అని, బోర్డు మోడల్ రాయించండి. ఎస్‌ఎంపీఎస్ స్టిక్కరు ఫొటో వాట్సాప్‌లో పంపమనండి. డెలివరీ రోజు గాజు తలుపైనా రేకు తలుపైనా అక్కడే విప్పించి కాగితంతో సరిచూసుకున్నాక, మీరు ఆడబోయే ఆట అరగంట అక్కడే ఆడించండి. ఆ అరగంటలో కార్డు వెనకే హెచ్‌డీఎంఐ ఉందో లేదో ఒకసారి వంగి చూడండి.